మాత్ర మీద టీ

నా టీకి వంక పెట్టినవాళ్ళు ఇరవయ్యేళ్ళలో ఇద్దరే ఇద్దరు. ఒకడు బస్సు కండక్టరు. తొందరపడి నోరు కాల్చుకుని నన్ను అన్నాడు. వాణ్ణి అక్కడికక్కడే దులిపి పంపించాను. రెండో మనిషి సూది నర్సమ్మ. ఆవిడ ఆ మాట అన్న రోజు మాత్రం నేనే కొట్టు మూసేశాను.

మా బడ్డీ కొట్టు ఆడపిల్లల బడి గోడకి ఆనుకుని ఉంటుంది. ముందు చెక్క ఎత్తితే రోడ్డు, వెనక చెక్క ఎత్తితే బడి ఆవరణ. పొద్దున్నే దారం మిల్లు వాళ్ళకి ముందు వైపు, పదిన్నర ఇంటర్వెల్లో టీచర్లకి వెనక వైపు. పొడి వేశాక మూడు పొంగులు రానిచ్చి గానీ దించను. నల్లగా, చిక్కగా, నాలిక్కి పట్టుకోవాలి. నీళ్ళ టీ అమ్మేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

మాకు ఒక్కతే పిల్ల. అప్పటికి దానికి పద్నాలుగేళ్ళు, అదే బళ్ళో తొమ్మిదో తరగతి. మా ఆయన బస్సు డిపోలో టైర్లు మారుస్తాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. ఇంట్లో మిగతా మాటలన్నీ నావే. నా నోరు మంచిది కాదని వీధి మొత్తానికి తెలుసు, నాకూ తెలుసు. ఆ నోట్లో రోజూ పడేది మా పిల్లే. లేవమంటే లేవదు. లేచినా గోడకి జారగిలబడి మళ్ళీ కళ్ళు మూస్తుంది. మేముండేది మూడో అంతస్తు. బకెట్టు నీళ్ళు తెమ్మంటే మెట్ల మలుపు మలుపుకీ కూలబడుతుంది. పుస్తకం తెరిస్తే నిద్ర. బళ్ళోంచి సుద్దముక్కలు తెచ్చుకుని చాటుగా నమిలేది, మూతికి తెల్లగా అంటుకుని దొరికిపోయేది. దాని పనీ నేనే చేసుకుంటూ తిట్టేదాన్ని. నిద్రమొహం, బద్ధకాల పుట్ట, ఇంకా నోటికొచ్చినవన్నీ. దున్నపోతు మీద వాన కురిసినట్టే. మారు మాట్లాడేది కాదు.

ఆ చలికాలం మొదట్లో బడికి ఒక డాక్టరమ్మ, ఆవిడతో నర్సమ్మ వచ్చారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలందరికీ వేలి మీద సూది గుచ్చి ఒక్కొక్క బొట్టు రక్తం తీశారు. రక్తం తక్కువున్న వాళ్ళకి చలికాలమంతా ఐరన్ మాత్రలిస్తారట. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పరిగెత్తించి ఎంత దమ్ము పెరిగిందో చూస్తారట. సూది గుచ్చే నర్సమ్మకి ఆ రోజే పిల్లలు సూది నర్సమ్మ అని పేరు పెట్టేశారు.

పరుగు నేను వెనక చెక్క ఎత్తి చూశాను. ఆవరణలో ఇరవై మీటర్ల ఎడంగా సున్నంతో రెండు గీతలు గీశారు. బల్ల మీద ఒక పెట్టె కుయ్ మంటుంది. అది మళ్ళీ కుయ్ మనేలోపు ఇవతలి గీత నుంచి అవతలి గీతకి చేరాలి. పోనుపోను ఆ కూత తొందరవుతుంది. రెండుసార్లు వెనకబడితే పక్కకొచ్చేయాలి. ఎన్నిసార్లు గీత దాటితే అన్ని మార్కులన్నమాట. ఆటల టీచరు ఈల మెళ్ళో వేసుకుని లెక్కపెడుతోంది. ఆవిడ దానికి ఇంకో మెలిక కూడా పెట్టింది. చలికాలం చివర్లో జరిగే పరుగులో ముందొచ్చిన నలుగురే బడి రిలే జట్టు. పెద్ద స్టేడియంలో మిగతా బళ్ళ మీద పరిగెడతారు, బూట్లు కూడా బడే ఇస్తుంది.

మా పిల్ల పద్నాలుగు గీతలకి కూలబడింది. ఆగడం కాదు, కూలబడడమే. రెండు చేతులూ నేలకి ఆన్చి, నోరు తెరుచుకుని. మిగతా పిల్లలు దాని పక్కనుంచి అటూ ఇటూ పరిగెడుతూనే ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. టీ తాగుతున్న లెక్కల టీచరుతో, చూశారా నా బంగారాన్ని, పరుగులో కూడా కునుకు తీస్తోంది అన్నాను. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంపమీద కొట్టుకోవాలనిపిస్తుంది.

సాయంత్రం నర్సమ్మ నన్ను పిలిపించింది.

"మీ అమ్మాయిది బద్ధకం కాదక్కా. ఒంట్లో రక్తం లేదు. పన్నెండుండాలి, ఎనిమిది పాయింట్ ఆరుంది. ఆ రక్తంతో మీరైతే ఆ కెటిల్ కూడా ఎత్తలేరు."

తిండి పెట్టడం లేదనుకుంటున్నారా అని ఒంటికాలి మీద లేచాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. ఎదిగే వయసని, నెలనెలా పోయేది పోతుందని, బళ్ళో సగం మంది పిల్లలది ఇదే సంగతని నిదానంగా చెప్పింది. మెట్లెక్కితే ఆయాసపడుతుందా, మట్టీ సుద్దా తింటుందా, ఎప్పుడూ నిద్ర నిద్రంటుందా అని అడిగింది. మా ఇంట్లో దాక్కుని చూసినట్టే అడిగింది. అన్నిటికీ తలూపాను. తలూపినకొద్దీ నేను తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఆ సాయంత్రం మెట్లెక్కుతుంటే మామూలుగానే రెండో మలుపులో కూర్చుంది. ఈసారి నేను కూడా పక్కన కూర్చున్నాను. అదే నోరు విప్పింది.

"అమ్మా, ఆ నలుగురిలో నేను కూడా ఉండాలి."

పుట్టి బుద్ధెరిగాక అది నన్ను ఇది కావాలని అడగడం అదే మొదలు. గౌను అడగలేదు, బొమ్మ అడగలేదు. నువ్వా అనబోయి నాలిక కరుచుకున్నాను. ఎందుకే అన్నాను. తాను కూలబడ్డాక మిగతావాళ్ళు పరిగెడుతుంటే కింద కూర్చుని చూసిందట. చాలా బాగుందట. అంతే చెప్పింది. సరే, మాత్రలు మింగు, ఉంటావు అన్నాను, ఏదో నాకు తెలిసినట్టు.

మాత్రలు మొదలయ్యాయి. తొమ్మిదో తరగతి వాళ్ళకి పదిన్నర ఇంటర్వెల్లో, ఎనిమిదో తరగతి వాళ్ళకి మధ్యాహ్నం తిన్న గంటకి, నా వెనక చెక్క దించేశాక. ఆటల టీచరు డబ్బా పట్టుకుని వరసగా నిలబెట్టి ఇచ్చేది. వారం తిరక్కుండానే గ్లాసులు కడిగే చోట, గోడ వారన, ఎర్రగా తడిసిన మాత్రలు కనిపించడం మొదలైంది. తుప్పు నాకినట్టుందట, కడుపులో తిప్పుతోందట. పైగా దొడ్డికి నల్లగా వస్తోందని ఒక పిల్ల ఏడ్చింది, ఇక చచ్చిపోతామని ఇంకో నలుగురు ఏడ్చారు. టీచరు తల పట్టుకుంది. మా పిల్ల ఉమ్మలేదు. కళ్ళనీళ్ళు కారుతున్నా మింగేది.

అప్పుడు నాకొచ్చింది ఆ గొప్ప ఆలోచన. నోరు బాగాలేకపోతే ప్రపంచంలో ఎవరైనా ఏం చేస్తారు? టీ తాగుతారు. వెనక చెక్క ఎత్తి, మాత్ర మింగినదానికల్లా అరగ్లాసు టీ ఊరికే ఇస్తానని కేకేశాను. చలికి వణుకుతున్న పిల్లలు, వేడి టీ, అదీ నా టీ. మర్నాటి నుంచి గోడ వారన ఒక్క మాత్ర కనపడితే ఒట్టు. పిన్నీ పిన్నీ అంటూ చెక్క ముందు ముప్ఫైమంది. మాత్ర మింగి నాలిక బయటపెట్టి చూపించి మరీ తీసుకునేవాళ్ళు. మా పిల్లని పేరుపెట్టి పిలిచి మొదటి గ్లాసు దాని చేతికే ఇచ్చేదాన్ని. పక్కన నిలబడి, ఊదుకుని తాగవే, కాలుతుంది అనేదాన్ని.

ఆటల టీచరు అందరి ముందూ అంది, డాక్టర్లు చెయ్యలేని పని మీరు చేశారని. ఆ రోజు నేను నేల మీద నడవలేదు. ఇంటికెళ్ళి మా ఆయనకి మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆయన కూడా నవ్వాడు.

అదే రోజు బళ్ళో ఒక కాగితం పంచారు. మాత్రలు ఎలా మింగాలో డాక్టరమ్మ రాసిందట, ఇంట్లో చదివి వినిపించమన్నారట. నాకు చదువు రాదు. మా ఆయనకి సంతకం వచ్చు. కాబట్టి మా పిల్లే దీపం కింద కూర్చుని చదివింది. ఏదైనా తిన్నాక వేసుకోవాలి. నీళ్ళు బాగా తాగాలి. నల్లగా వస్తే భయపడకూడదు. నిమ్మా నారింజా లాంటి పులుపు మంచిది. ఆకుకూరలు, పప్పులు, వీలైతే గుడ్డు పెట్టాలి. మధ్యలో ఒకచోట ఆగి నా మొహం కేసి చూసింది. నేనింకా టీచరు మాటల్లోనే తేలుతున్నాను. అయిపోయిందా అంటే అయిపోయిందని మడత పెట్టేసింది.

ఆరు వారాలు గడిచాయి. ఈ ఆరు వారాల్లో నేను దాన్ని నిద్రమొహం అనలేదు. నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. అది కూడా ఇంటర్వెల్ గంట కొట్టగానే అందరికంటే ముందొచ్చి చెక్క దగ్గర నిలబడేది. సాయంత్రాలు బిల్డింగు వెనక సందులో ఎవరూ చూడకుండా పరిగెత్తడం ప్రాక్టీసు చేసేది. అటూ ఇటూ పదిసార్లు తిరిగేసరికే ఆయాసం. పదిహేను చేస్తానమ్మా రేపు అనేది. మర్నాడూ అదే పది. మాత్రలు పనిచెయ్యడానికి టైము పడుతుందిలే అని ధైర్యం చెప్పేదాన్ని.

మళ్ళీ నర్సమ్మ వచ్చి సూది గుచ్చింది. ఎనిమిది పాయింట్ ఎనిమిది. దాదాపు ఎక్కడిదక్కడే. డాక్టరమ్మ నన్నూ మా ఆయన్నీ పిలిపించి కూర్చోబెట్టింది. డాక్టర్లు కుర్చీ వేసి కూర్చోబెట్టారంటే మంచి మాట చెప్పరని నాకు తెలుసు. మాత్రలు రోజూ వేసుకున్నా రక్తం పట్టడం లేదంటే లోపల ఎక్కడన్నా కారిపోతూ ఉండొచ్చు, ఇంకేదైనా ఉండొచ్చు, పెద్దాసుపత్రిలో చూపించాలి అంది. అంతవరకూ చివరి పరుగులో దాన్ని దించేది లేదని కూడా అంది. తొమ్మిది కూడా లేని రక్తంతో గుండె మీద భారం పెట్టలేమంది.

బయటికొచ్చాక మా ఆయన, పని మానేసి నేనే తీసుకెళ్తాను అన్నాడు. మా పిల్ల సంచి భుజాన వేసుకుంది. బళ్ళోకి వెళ్ళిపోయింది. ఒక్కగానొక్క పిల్ల, లోపల ఎక్కడో రక్తం కారిపోతోందట. ఆ రోజు టీలో చక్కెర రెండుసార్లు వేశాను, ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు ఇంటర్వెల్లో నర్సమ్మ వరండాలో రిజిస్టర్లు ముందేసుకుని కూర్చునుంది. ఆవిడ తేల్చుకోలేకపోతోందని మొహంలోనే తెలుస్తోంది. ఎనిమిదో తరగతి పిల్లలకి చక్కగా పెరిగిందట, తొమ్మిదో తరగతిలో ఒక్కళ్ళకీ సరిగ్గా పెరగలేదట. మాత్రలు ఒకటే, డబ్బా ఒకటే. మా పిల్ల గురించి ఇంకో మాట అడుగుదామని నేనే ఒక గ్లాసు టీ పట్టుకుని వెళ్ళాను. వెనక చెక్క ముందు పిల్లలు అప్పటికే మూగి గ్లాసులు అందుకుంటున్నారు. నర్సమ్మ అటు చూసింది.

"పిల్లలు తాగుతున్నదేంటక్కా?"

"టీ. మాత్ర మీద టీ. మాత్ర మింగనంటూ మారాం చేస్తుంటే నేనే అలవాటు చేశాను. ఊరికే ఇస్తున్నానులెండి."

"రోజూనా?"

"ఒక్కరోజు మానలేదు."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. నేనిచ్చిన గ్లాసు కింద పెట్టింది.

"టీ తాగితే ఆ మాత్రలో ఐరన్ ఒంటికి పట్టదక్కా. టీయే పట్టేసుకుంటుంది. ముందో గంట, వెనకో గంట తాగకూడదు. కాగితంలో రాసిచ్చాం. మూడో లైను."

గొంతు పెంచి అన్నా బాగుండేది, నేనూ గొంతు పెంచేదాన్ని. ఆటల టీచరు అక్కడే నిలబడి విని ఈల పట్టుకుని నలుపుకోవడం మొదలుపెట్టింది. కాగితాల కట్ట విప్పి పంచిందే తప్ప తాను కూడా చదవలేదట. మిగతా పిల్లల కాగితాలు ఎగిరే రాకెట్లయిపోయాయట. నేను వెనక్కెళ్ళి కెటిల్ మూత పెట్టాను. ఆ రోజు ఇక చేతకాలేదు, ముందు చెక్క కూడా దించేశాను. ముప్ఫైమంది పిల్లలు, ఆరు వారాలు. మంచికి పోతే చెడెదురవుతుందంటారు. నేను ఎదురెళ్ళి మరీ తెచ్చుకున్నాను.

ఇంటికెళ్ళి ఆ కాగితం ఎక్కడుందో వెతికాను. లెక్కల పుస్తకం మధ్యలో, వేసిన మడత వేసినట్టే ఉంది. మా పిల్ల బడి నుంచి రాగానే ముందు పెట్టాను. చదవడం రాకపోయినా లెక్కపెట్టడం వచ్చు. మూడో లైను మీద వేలు పెట్టి, ఇది చదవవే అన్నాను.

అది చదవలేదు. నా వేలు కేసి చూస్తూ కూర్చుంది.

"నీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"తెలిసి రోజూ ఎందుకు తాగావే?"

కాగితానికి మళ్ళీ మడత వేసింది. తర్వాత, ఆ రోజు నువ్వు చాలా సంతోషంగా ఉన్నావమ్మా అంది. అరగ్లాసుకి ఏమవుతుందిలే అనుకుందట. తర్వాత చెబుదాం తర్వాత చెబుదాం అనుకుందట. ఇంకోటి కూడా చెప్పింది, కిందకి చూస్తూ.

"ఇంటర్వెల్లో నన్ను పేరుపెట్టి పిలిచేదానివి కదా. తాగినంతసేపూ పక్కనే నిలబడేదానివి."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా. కన్నతల్లి తిట్టకుండా పిలిచే ఒక్క పిలుపు కోసం పిల్ల తనకి ఎంతో ఇష్టమైన పరుగుని రోజుకో అరగ్లాసు చొప్పున వదులుకుందంటే, ఆ తల్లి ఎంత దండగ మనిషి అయ్యుండాలి? ఇంత పిచ్చిమొహానివేంటే అని దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. పద్నాలుగేళ్ళ పిల్ల ఒళ్ళో పట్టదు. అయినా కూర్చుంది.

మర్నాడు పిల్లలందర్నీ చెక్క దగ్గరికి పిలిచి, తప్పు నాదేనని చెప్పాను. రెండు జడల పిల్లొకతి, అయితే నీ టీ విషమా పిన్నీ అంది. విషం కాదే, మాత్ర మింగి గంటాగితే అమృతమే, ఆ గంట ఆగడమే ముఖ్యం అన్నాను. ఆ రోజు నుంచి ఇంటర్వెల్లో వెనక చెక్క దగ్గర వేడినీళ్ళలో పిండిన నిమ్మరసం మాత్రమే. పిల్లల ముందు తాగితే వాళ్ళకీ మనసు లాగుతుందని టీచర్లకి కూడా బంద్ పెట్టాను. లెక్కల టీచరు వారం రోజులు మూతి ముడుచుకుంది. ముడుచుకోనీ. పెద్దాసుపత్రి సంగతి డాక్టరమ్మ నాలుగు వారాలు వాయిదా వేసింది. అప్పటికి పెరిగితే సరే, లేకపోతే తప్పదంది. ఆ నాలుగు వారాలూ నేను దేవుళ్ళందర్నీ పేరుపేరునా విసిగించాను.

మార్పు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. ఒకరోజు దాని జేబులు ఉతకబోతే సుద్దముక్క లేదు. ఇంకోరోజు బకెట్టు తెచ్చి గుమ్మంలో పెట్టి మళ్ళీ కిందకి దిగిపోయింది. అది మలుపుల్లో ఆగలేదన్న సంగతి నాకు కాసేపయ్యాక గానీ తట్టలేదు. మూడోవారంలో ఒక పొద్దున నేను లేచేసరికి అది నాకంటే ముందే లేచి స్టవ్వు వెలిగించి నిలబడి ఉంది. నేనేమో ఒంట్లో బాగాలేదా అని నుదురు ముట్టుకుని చూశాను. మా ఆయన దాని కింది కనురెప్ప లాగి చూసి, ఎర్రగా ఉంది అన్నాడు. నర్సమ్మ ఎప్పుడు నేర్పిందో ఆయనకి. నాలుగు వారాలకి సూది గుచ్చితే తొమ్మిది పాయింట్ తొమ్మిది. ఇంకో రెండు వారాలకి పది పాయింట్ నాలుగు. చివరి పరుగుకి డాక్టరమ్మ సరేనంది.

సందులో అటూ ఇటూ పరుగులు పదిసార్ల నుంచి ముప్ఫైసార్లకి పెరిగాయి. కూత పెట్టే పెట్టె లేదుగా, మా ఆయన డిపో నుంచి వచ్చి గోడ మీద కూర్చుని టైరు విప్పే స్పానరుతో డబ్బా మీద కొట్టేవాడు. కొట్టిన చప్పుడుకల్లా అది మలుపు తిరిగేది. ఎదురింటివాళ్ళు తిట్టుకున్నారు. ఆ టీ సంగతి మాత్రం మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు. నేను ఎత్తబోతే అది వేరే మాటలోకి వెళ్ళిపోయేది. క్షమించేసిందిలే, నా తల్లి వెన్న మనసు అనుకున్నాను.

చివరి పరుగు రోజు బడ్డీ రెండు చెక్కలూ దించేసి, బడి లోపలికి వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాను. మా ఆయన ఒకపూట సెలవు పెట్టుకుని వచ్చాడు. కుయ్ మంది. బయల్దేరారు. పద్నాలుగో గీత దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. అది దాటింది, అసలు పట్టించుకోనట్టే దాటింది. ఇరవైకి పది మంది పక్కకొచ్చేశారు. ముప్ఫైకి సగం మంది. దాని మొహం ఎర్రగా అయింది. ఆ పిల్ల మొహంలో ఆ రంగు నేనెప్పుడూ చూడలేదు. నలభైకి ఐదుగురు మిగిలారు. కావలసింది నలుగురు. నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను, ఎంత గట్టిగానో తర్వాత ఆయన చూపించాడు. నలభై ఒకటి, నలభై రెండు. నలభై మూడు దాటింది. నలభై నాలుగో గీతకి ఒక్క అడుగు ముందు కుయ్ మంది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ అందలేదు. టీచరు చెయ్యెత్తి పక్కకి రమ్మంది. దాని తర్వాతి పిల్ల నలభై ఐదుకి ఆగింది.

ఐదో స్థానం. నర్సమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి దాన్ని కావిలించుకుంది. పద్నాలుగు నుంచి నలభై మూడంటే బడి మొత్తంలో ఎవరూ అంత పెరగలేదంది. టీచరు చప్పట్లు కొట్టించింది. రెండు జడల పిల్ల నాలుగో స్థానం, బూట్ల కొలత ఇస్తోంది. మా పిల్ల అందరికీ తలూపుతూ సంచి సర్దుకుంది. మెట్లు నాకంటే ముందెక్కేసి తలుపు తీసుకుని లోపలికి పోయింది.

మా ఆయన స్నానానికి వెళ్ళాడు. నేను దాన్ని ఓదార్చాలిగా. మంచినీళ్ళిచ్చి, పోనీలేవే, ఐదోదంటే మాటలా, వచ్చే ఏడు నువ్వే ఫస్టు అన్నాను.

సంచి గోడకేసి కొట్టింది.

"పోనీలే అనకు. వచ్చే ఏడు కాదు, నాకు ఈ ఏడు కావాలి. రెండు గీతలమ్మా. రెండంటే రెండు. ఆ ఆరు వారాలు నీ టీ తాగకపోయుంటే ఆ బూట్లు నావి."

నేను నోరు తెరిచాను. అది నన్ను అననిస్తేగా. కాళ్ళు లాగుతున్నాయంటే పని ఎగ్గొట్టడానికన్నావు అంది. కళ్ళు తిరుగుతున్నాయంటే నాటకాలన్నావు అంది. లెక్కల టీచరుతో కలిసి నువ్వు నవ్వడం నాకు వినపడింది అంది. గ్లాసు పట్టుకుని నిలబడితే తప్ప నాతో మంచిగా మాట్లాడవా, ఊరికే మాట్లాడలేవా, నేను నీ గిరాకీనా అంది. గొంతు మెట్లు దిగి వీధిలోకి పోతోంది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. నాకు అలవాటైన మాట నోటిదాకా వచ్చింది, నోర్ముయ్యవే అని. రాలేదు.

"నిజమేనే. తప్పు నాదే," అన్నాను.

"నీదే," అంది. కాస్త కూడా తగ్గలేదు. "నాది కూడా ఉంది, చెప్పలేదు కాబట్టి. కానీ ఎక్కువ నీదే."

మళ్ళీ మొదలుపెట్టింది. నడుం మీద చేతులు, మెడ నరాలు తేలి, కళ్ళు చింతనిప్పులు. అచ్చం నేనే. నేను చూస్తూ నిలబడిపోయాను. మూడంతస్తులు గబగబా ఎక్కొచ్చి, గుక్క తిప్పుకోకుండా పావుగంట నుంచి అరుస్తోంది పిల్ల. ఆయాసం లేదు. గోడకి ఆనుకోలేదు. కూర్చోలేదు.

మా ఆయన తల మీద సబ్బు నురగతోనే, తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఏమైందే, ఎందుకలా అరుస్తోంది అని అడిగాడు. నా కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతున్నాను కూడా, ఆయనకేం అర్థమవుతుంది.

"ఏం లేదండీ," అన్నాను. "పిల్ల కోలుకుంది."